సెకనుకి వంద దెబ్బలు

"నా తప్పు లేదు గురువుగారూ," అన్నాడు దాలినాయుడు. పొద్దుట్నుంచి ఈ మాట అనడం పదోసారో పదకొండోసారో.

అతని ముందు బల్ల మీద పుస్తకమంత పెట్టె ఒకటుంది. వాన్ కంప్యూటరు అది. ఇంజనుకి డీజిలు ఎంత పొయ్యాలో, ఎప్పుడు పొయ్యాలో చెప్పే బుర్ర అన్నమాట. ఆ బుర్ర నిన్న సాయంత్రం నుంచి ఉలకడం లేదు, పలకడం లేదు. బుర్ర పలక్కపోతే బండి ఎంత గొప్పదైనా రేకుల డబ్బానే కదా!

కూర్మయ్య మేస్త్రి తలెత్తలేదు. పలాస దగ్గర హైవే పక్కన ముప్పై ఏళ్ళుగా లారీలకీ వాన్లకీ వైరింగు చేస్తున్న మనిషి. వైర్లతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడని పేరు. దాలినాయుడేమో పాలిటెక్నిక్ చదివి వచ్చిన శిష్యుడు. చేతిలో లాప్‌టాప్, మెడలో కరెంటు కొలిచే మీటరు. ఆ మీటరంటే అతనికి ప్రాణం. పెళ్ళిచూపులకి కూడా వేసుకెళ్తాడని షెడ్డులో వాళ్ళు వేళాకోళం చేసేవారు.

మేస్త్రికి ఒక పట్టింపుంది. కంప్యూటరు పెట్టెని బండి లోంచి ఊడదీసి బల్ల మీద చూడాలంటే, మధ్యలో పాత లారీ బ్యాటరీ ఒకటి ఉండి తీరాలి. గోడలో కరెంటు ఛార్జరుకి, ఛార్జరు బ్యాటరీకి, బ్యాటరీ పెట్టెకి. ఇద్దరు మోస్తే గాని కదలని బ్యాటరీ అది.

"గోడలో కరెంటు, చేతిలో ఛార్జరు ఉండగా ఈ బండరాయిని మొయ్యడం ఏటి గురువుగారూ!" అని నవ్వేవాడు దాలినాయుడు. ఎందుకని మాత్రం అడగలేదు. మేస్త్రి చెప్పనూ లేదు.

మంగళవారం దాలినాయుడు ఆ పెట్టెని ఇంటికి పట్టుకెళ్ళి, ఫ్యాను కింద కుర్చీ వేసుక్కూర్చుని, ఛార్జరు గోడకి పెట్టి, ఛార్జరు క్లిప్పులు రెండూ తిన్నగా పెట్టెకే తగిలించాడు. మీటరు పెట్టి వోల్టులు చూశాడు. పన్నెండున్నర. బ్రహ్మాండం అనుకున్నాడు. లాప్‌టాప్ మీద పెట్టె ఒక్క నిమిషం పలికింది. తర్వాత పలకలేదు. ఇంక పలకనే లేదు.

ఆ పెట్టె నీలకంఠం వాన్‌ది. ఉద్దానం వైపు ఒక ఊళ్ళోంచి ఆరుగురు కిడ్నీ రోగుల్ని సోమవారం, గురువారం రక్తం శుద్ధి చేసే ఆసుపత్రికి తీసుకెళ్ళే వాన్ అది. ఆ ఆరుగురిలో ఒకామె నీలకంఠం పెళ్ళాం. ఈ సోమవారం దారిలో బండి రెండుసార్లు ఆగి, మళ్ళీ కదిలింది. అందుకని షెడ్డుకి తెచ్చాడు. ఇవాళ బుధవారం. కొత్త పెట్టె విశాఖపట్నం నుంచి రావాలి, వారం పడుతుందన్నారు.

"లోపలికి నీళ్ళెళ్ళి పోయిందన్నా" అని పొద్దున్నే నీలకంఠానికి చెప్పేశాడు దాలినాయుడు. మీటరు పన్నెండున్నర చూపించాక, నీళ్ళు కాక ఇంకేముంటుంది?

అంతలో నీలకంఠమే లోపలికొచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి మరీ వచ్చాడు, ఆసుపత్రిలోకి వచ్చినట్టు.

"నాయుడూ, ఫోను తడిస్తే బియ్యంలో పెడతారు గదా. ఇంటికాడ అరబస్తా ఉంది. తెచ్చేదా?"

"ఇది ఫోను కాదన్నా."

"ఎండలో ఎడితే?"

"ఆరినా లాభం లేదన్నా. అది పోయింది."

నీలకంఠం తన రెండు చేతులూ ముందుకి చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"రోగులెక్కే బండి, శుభ్రంగా ఉండాలని ఆదివారం పైపెట్టి కడిగినాను. బానెట్టెత్తి లోపల కూడా కొట్టినాను. ఎవుడు కొట్టమన్నాడు నన్ను? ఒక్క రోజు తప్పితే మా ఇంటిదానికి కాళ్ళు పొంగుతాయి, ఊపిరాడదు. నా సేతుల్తో నేనే సేసుకున్నాను. దానికింకా సెప్పలేదు నాయుడూ. ఏటని సెప్పను?"

దాలినాయుడు మెడలో మీటరు సర్దుకున్నాడు. నీలకంఠం బయటికెళ్ళి, కదలని వాన్ మెట్టు మీద కూర్చున్నాడు.

అప్పుడు లేచాడు కూర్మయ్య మేస్త్రి. మూలనున్న ఇనప సామాన్లో వెతికి, ఏదో కారు తలుపుది పాత స్పీకరు లాగాడు. దాని వైరుకి ఇండికేటరు బల్బొకటి కలిపాడు.

"మీటరు తియ్యి," అన్నాడు.

దాలినాయుడు తీశాడు.

"బ్యాటరీకి ఎట్టి సూడు."

"పన్నెండున్నర."

"నీ ఛార్జరుకి ఎట్టు."

"ఇదీ పన్నెండున్నరే గురువుగారూ. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే గదా!"

మేస్త్రి మీటరు తీసి పక్కన పెట్టేశాడు. బల్బూ స్పీకరూ ఉన్న వైర్లు బ్యాటరీకి ఆనించాడు. బల్బు వెలిగింది. స్పీకరు 'టక్'మని ఒక్క చిటికేసి ఊరుకుంది. ఇంకేమీ లేదు. షెడ్డులో ఈగ ఎగిరితే వినిపిస్తుంది.

అవే వైర్లు తీసి ఛార్జరుకి ఆనించాడు.

బల్బు అలాగే వెలిగింది. స్పీకరు మాత్రం 'గుర్‌ర్‌ర్'మని ఒకటే గోల. స్పీకరు మధ్యలో అట్ట గజగజ వణికిపోతోంది. బల్ల మీద స్క్రూలు కూడా కదులుతున్నాయి. మేస్త్రి వైర్లు తియ్యలేదు. దాలినాయుడు ముఖం కేసి చూస్తూ అలాగే పట్టుకున్నాడు.

"సెకనుకి వంద దెబ్బలు," అన్నాడు ఆ గోలలోనే. "ఛార్జరు కరెంటు సాఫీగా రాదు, ఇలా కొట్టుకుంటా వస్తాది. బ్యాటరీ మధ్యలో ఉంటే ఆ దెబ్బలు అదే కాసుకుంటాది."

వైర్లు తీసేశాడు. గోల ఆగిపోయింది.

"మరి మీటరు..." అన్నాడు దాలినాయుడు.

"మీటరు అబద్ధం ఆడలేదు. మొత్తమ్మీద ఎంతని అడిగినావు, సెప్పింది. ఎలాగొస్తందని నువ్వు అడగలేదు. నేను సెప్పనూ లేదు."

దాలినాయుడు పెట్టె కేసి చూశాడు. అట్ట పెట్టెలో పెట్టి, కుదుపు తగలకూడదని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు దాన్ని. తీసుకెళ్ళి రాత్రి భోజనం వేళకల్లా కొట్టి చంపాడు.

"ఒక్క మాట," అన్నాడు మేస్త్రి. "మంగళవారం పెట్టె ఊడదీసే ముందు తాళం తిప్పితే డేష్‌బోర్డులో ఇంజను లైటు వెలిగిందా?"

వెలిగింది. పసుప్పచ్చగా, శుభ్రంగా వెలిగి, బండి స్టార్టవగానే ఆరింది. కంప్యూటరు బతికుంటేనే అలా వెలిగి ఆరుతుంది. నీళ్ళు ఏ ప్లగ్గులోనో తగిలుంటాయి, సోమవారం సాయంత్రానికి ఆరిపోయుంటాయి. ఆ లైటుని దాలినాయుడు తన కళ్ళతో చూశాడు. నిన్నట్నుంచి ఒక్కసారి కూడా దాన్ని గుర్తు చేసుకోలేదు.

మేస్త్రి స్పీకరు వైర్లు నెమ్మదిగా చుట్టుకుంటూ నిలబడ్డాడు.

దాలినాయుడు లేచి బయటికెళ్ళాడు. వాన్ దాకా పది అడుగులు కూడా ఉండవు. అవి నడవడానికే చాలాసేపు పట్టింది.

"అన్నా. నీ నీళ్ళ వల్ల కాదు."

నీలకంఠం తలెత్తాడు.

"పెట్టె మంగళవారం దాకా బాగుంది. ఇంటికి పట్టుకెళ్ళి నేనే పాడుచేశాను. తప్పుడు కరెంటు పెట్టాను."

"నేను కడిగినందుకు కాదా?"

"కాదన్నా. నేనే."

చెంప మీద కొడతాడనుకున్నాడు దాలినాయుడు. కొడితే బాగుణ్ణనుకున్నాడు. నీలకంఠం కొట్టలేదు, తిట్టలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"మరి రేపెలాగ?" అన్నాడు.

దాలినాయుడు షెడ్డు కేసి తిరిగాడు.

వెనకాలే వచ్చిన కూర్మయ్య మేస్త్రి, భుజమ్మీద తువ్వాలు తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. గ్రీజు మరకల తువ్వాలు.

"రేపు పొద్దున్న ఆరింటి బస్సు వాళ్ళూరి మీంచే ఆసుపత్రికెళ్తాది. బస్సు కాంప్లెక్సులో పెట్టగానే కిటికీలోంచి సీటు మీద ఇది ఎయ్యి. వాళ్ళూరు వచ్చేదాకా కాయి."

దాలినాయుడు తువ్వాలు కేసి చూశాడు.

"ఆరుగురున్నారు గురువుగారూ. ఒక తువ్వాలుకి ఆరు సీట్లు ఆగవు."

"ఒకటి ఆగుతాది," అన్నాడు కూర్మయ్య. "మిగతా అయిదూ అడుక్కో."