పందికొక్కు పాతిన ముల్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ జుట్టు రాలిన తలకాయలాంటి బోడిగుట్ట ఒకటి. గుట్ట వాలున పైనుంచి కిందిదాకా ఏడు బొరియలు. అన్నిటికన్నా పైది బొర్రయ్య అనే పందికొక్కుది. అన్నిటికన్నా కిందిది అతని చెల్లెలు నూకాలుది. నూకాలుకి నాలుగు పసికూనలు, ఇంకా కళ్లైనా తెరవలేదు.

ఆ గుట్టకి రెండు కష్టాలర్రా. వాన పడితే నీళ్లు ఒక్క ఉరుకున దిగి కింది బొరియల్లో దూరేవి. ఎండలు ముదిరితే గుట్ట అడుగున చెలమలో గొంతు తడుపుకోను చుక్క ఉండేది కాదు. పోయిన వేసవిలో అయితే ఇంటికి రోజుకి ఒక ఆకుదొప్పెడు నీళ్లే. తాగడానికే చాలకపోతే ఇక స్నానాల మాటెందుకు!

అప్పుడు ముళ్లపంది అప్పలస్వామి అందర్నీ కూర్చోబెట్టి ఒక ఏర్పాటు చేశాడు. ఎవరి వాకిట్లో వాళ్లు నిలువు లోతు గుంత తవ్వి, అడుగున గులకరాళ్లు పరవాలి. పై గుంత నిండి పొర్లితే కింది గుంత పట్టుకుంటుంది. నీళ్లు మెల్లగా నేలలోకి ఇంకి చెలమకి చేరతాయి. గుంత పూర్తయిన ఇంటి ముందు అప్పలస్వామి తన ఒంటినుంచి రాలిన ముల్లు ఒకటి పాతుతాడు. ఏడు ముళ్లూ కనబడితే కిందివాళ్లు నిశ్చింతగా పడుకోవచ్చు. ఒక్కటి తగ్గినా, మబ్బు పట్టగానే పిల్లల్ని నోట కరుచుకుని పక్కనున్న పెద్దబండ ఎక్కెయ్యాలి.

తవ్వడంలో పందికొక్కుని మించినవాడు ఎవడు, మీరే చెప్పండి. ఒక్క పూట పని! కానీ నా ఇంట్లోకి ఏనాడూ నీళ్లు రాలేదే, కిందివాళ్ల కోసం నా గోళ్లెందుకు అరగాలి అనుకున్నాడు బొర్రయ్య. అప్పలస్వామి మొదటిసారి అడిగితే నడుం పట్టేసిందన్నాడు. రెండోసారి అడిగితే గులకరాళ్లు దొరకలేదన్నాడు. ఈలోగా ఆరు వాకిళ్లలో ఆరు ముళ్లు లేచాయి.

"బొర్రయ్య మావా, ఆ గోళ్లు ఏ దేవుడికైనా మొక్కుకున్నావా?" అని రెండో బొరియ కుందేలు నలుగురిలో నవ్వింది.

బొర్రయ్యకి ఉక్రోషం వచ్చింది. పోనీ తవ్వాడా? లేదు. దారిలో రాలిన అప్పలస్వామి ముల్లు ఒకటి తెచ్చి తన వాకిట్లో తనే పాతాడు. కింద గుంత ఉన్నట్టు కనబడేలా పక్కన నాలుగు కొమ్మలు పడేసి ఆకులు కప్పాడు. అప్పలస్వామి అటుగా వచ్చి ముల్లు చూసి, నేనే పాతి మరిచిపోయుంటాను, వయసైపోయింది అని తనలో తనే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఒక మధ్యాహ్నం నల్లమబ్బు కమ్ముకొచ్చింది. నూకాలు ఒగురుస్తూ పైకొచ్చింది.

"అన్నా, ఏడు ముళ్లూ చూశాను. అయినా బాలింతను, నా భయం నాది. పిల్లల్ని బండ ఎక్కించమంటావా?"

నిజం బొర్రయ్య నోటిదాకా వచ్చింది. చెబితే కుందేలు గుట్టంతా చాటుతుంది. మింగేశాడు.

"ముల్లు కనబడుతుంటే ఇంకా అడుగుతావేంటమ్మా? వెళ్లి పిల్లలకి పాలియ్యి."

"నువ్వు చెబితే చాలులే," అని ఆమె దిగిపోయింది.

వాన మామూలుగా పడలేదర్రా. బోడితల మీద పడ్డ నీళ్లన్నీ బొర్రయ్య వాకిట్లోంచి ఉరికాయి. ఆపడానికి అక్కడ గుంతేది? ఆకులూ కొమ్మలూ ముందు కొట్టుకుపోయాయి. బురదకి కుందేలు గుంత పూడిపోయింది. మూడోదాని గట్టు తెగింది. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి. బొర్రయ్య ఇల్లు మాత్రం పొడిగా ఉంది. ఆ పొడి నేల మీద నిలబడలేక అతను కిందికి పరిగెత్తాడు.

చెల్లెలి గుమ్మం నిండా బురద. అన్న మాట నమ్మి, పిల్లలకి పాలిచ్చి మేత తేవడానికి బయటికెళ్లిన నూకాలు అప్పటికే తిరిగొచ్చి తవ్వుతోంది. ఇతనూ పడి తవ్వాడు. పందికొక్కు ఎంత వేగంగా తవ్వగలడో గుట్ట ఆ రోజు చూసింది. నాలుగు కూనల్లో ఒక్కటే దక్కింది.

ఆకులు కొట్టుకుపోయాక ముల్లు పక్కన గుంతే లేదని గుట్టంతా చూసింది. మర్నాడు బొర్రయ్య తన వాకిట్లో రెండు నిలువుల గుంత తవ్వాడు. అప్పలస్వామి వచ్చి చూశాడు. ముల్లు పాతకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరి వాకిట్లోనూ పాతలేదు. చూసి నమ్మేవాళ్లుంటేగా! గుంతలన్నీ బాగున్నా, చిన్న మబ్బుకే తల్లులందరూ పిల్లల్ని కరుచుకుని బండెక్కుతున్నారు.

వచ్చిన వేసవిలో చెలమ నిండుగా ఉంది. మిగిలిన ఒక్క కూననీ వెంటబెట్టుకుని నూకాలు నీళ్లకొచ్చింది. బొర్రయ్య దగ్గరికెళ్లి, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడమన్నాడు.

ఆమె దొప్ప నింపుకుంది.

"నీకు ఒక్క పూట పని, అన్నా," అంది.

మళ్లీ అతనితో మాట్లాడలేదు.

నీతి: పైవాడు తన వాకిట్లో ఆపని వాననీరు కిందివాడి ఇంట్లో ఆగుతుంది, చెయ్యని పనికి చేసినట్టు గుర్తు పెడితే, దాన్ని నమ్మినవాళ్లే ముందు మునుగుతారు.