కుట్టు కింది కాగితం

అన్యో అవ్వకు ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు చెప్పేది కాదు, చేతికి సూది ఇచ్చేది. చైనాకు నైరుతి మూలన ఉన్న కొండల్లో, యీ అనే జాతివాళ్ల ఊరొకదానిలో, ఆడపిల్లలు ఆమె దగ్గర కుట్టుపని నేర్చుకునేవారు. కుట్టుపని అన్నమాటే గానీ, ముందు చేతికి వచ్చేది కత్తెర. అక్కడి ఆడవాళ్లు బట్ట మీద బొమ్మ గీయరు. పువ్వునో పిట్టనో కాగితంలో కత్తిరించి, గంజితో బట్టకు అతికించి, దాని మీద సందు లేకుండా రంగు దారాలు కుడతారు. ఆ కాగితాన్ని మళ్లీ తీయరు. బట్ట ఉన్నంతకాలం అది దారం కిందే ఉండిపోతుంది.

షమో అనే శిష్యురాలు ఒకరోజు ఏడ్చిన కళ్లతో వచ్చింది. ఆమెకు పెళ్లి కుదిరింది. పిల్లవాడంటే ఇష్టమే. పెళ్లికి వేసుకునే అంగీ ఎదభాగంలో పుంజునూ పెట్టనూ ఎదురెదురుగా నిలబెట్టి, ఏడాది పాటు కూర్చుని కుట్టుకుంది. రెండూ నోళ్లు తెరిచి ఉన్నాయి. కాబోయే అత్తగారు జిమో వచ్చి చూసింది. పుంజును మెచ్చుకుంది. పెట్ట దగ్గర ఆగిపోయింది.

"మా ఇంటి కోడళ్ల అంగీ మీద పెట్ట నోరు మూసుకునే ఉంటుంది. విప్పి సరిగ్గా కుట్టు. ఈ అంగీతో అయితే మా గడప తొక్కొద్దు" అని చెప్పి వెళ్లింది.

పుంజు నోరు తెరిస్తే తెల్లవారుతుందనీ, పెట్ట నోరు తెరిస్తే కొంప మునుగుతుందనీ చెప్పే శాస్త్రం ఆ కొండల్లోనూ ఉంది మరి. పెట్ట గుడ్డు పెట్టి అరిచినప్పుడు మాత్రం ఏ కొంపా మునగదు. అందరూ గంప పట్టుకుని పరుగెత్తుకొస్తారు.

"అవ్వా, విప్పనా, వద్దా?" అంది షమో. "ఈ పెట్ట కోసం ఆ మనిషిని వదులుకోనా? ఆ మనిషి కోసం దీని నోరు కుట్టేయనా?"

"రేపు సంత. మీ అత్త ఇటే పోతుంది. లోపలికి పిలు" అంది అన్యో.

"ఎందుకు, నన్ను ఇంకోసారి తిట్టించడానికా?"

"టీ తాగడానికి."

మర్నాడు జిమో వీపున బుట్టతో వచ్చింది. కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"నువ్వైనా చెప్పు అక్కా. మెత్తటి పిల్ల అని ఒప్పుకున్నాను. చూస్తే పెట్టకు కోరలు పెట్టింది."

"కోళ్లకు కోరలుండవు జిమో. బుట్ట దించు" అంది అన్యో. ఆమె చూపు జిమో అంగీ మీద ఆగింది. "బుట్ట తాడు రాసుకుని ఎద మీద దారం లేచిపోయింది చూసుకున్నావా? విప్పి ఇటివ్వు. నువ్వు టీ తాగేలోపు ఈ పిల్ల నాలుగు కుట్లు వేస్తుంది."

జిమోకు ఆ మాట నచ్చింది. "ఇది నా పెళ్లినాటిది. మా అత్తే దీనికి వంక పెట్టలేకపోయింది. చూద్దాం, కోడలి చెయ్యి ఎలాంటిదో!" అంటూ పై అంగీ విప్పి ఇచ్చింది.

"దారం చూసి కుట్టకు, అది అటూ ఇటూ జరిగి ఉంటుంది. కింద కాగితం అంచు పట్టుకుని కుట్టు" అని అన్యో శిష్యురాలికి చెప్పింది.

షమో వెలుతురు కోసం గుమ్మం దగ్గర కూర్చుని, చివికిన పోగులను సూదిమొనతో ఒక్కొక్కటే తప్పించింది. తర్వాత ఆమె చెయ్యి కదలలేదు.

"ఏమ్మా, దారం ఎక్కడం లేదా? నీ కళ్లు అప్పుడే నా కళ్లకంటే ముసలివయ్యాయా?" అంది జిమో.

"అది కాదత్తా. కాగితంలో పెట్ట నోరు తెరిచే ఉంది. పైకుట్టు అంచు దాటి వచ్చి దాన్ని మూసేసింది. కాగితం ప్రకారం కుట్టనా, దారం ప్రకారం కుట్టనా?"

ఆ గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

జిమో కప్పు కింద పెట్టి గుమ్మం దగ్గరకు వచ్చింది. కాగితం పసుపుపచ్చగా మారిపోయినా కత్తెర తిరిగిన చోటు స్పష్టంగా ఉంది. పై ముక్కు, కింది ముక్కు, మధ్యలో ఆవగింజంత నాలుక. ఆమె దాన్ని బొటనవేలితో మెల్లగా రాసింది.

"నా కత్తెరే" అంది చివరికి. "నాలుక పెట్టడం మా అమ్మ నేర్పింది. మా అత్త పక్కన కూర్చుని నోరు మూసేలా పైనుంచి కుట్టించింది. ఊడదీస్తే కాగితం చిరుగుతుందంది." వేలు తీయకుండానే, "కింద ఇది ఉందన్న సంగతే మర్చిపోయాను" అంది.

అన్యో కుంపటి మీద ఇంకాసిని నీళ్లు పెట్టింది. జిమో అక్కడే నేల మీద చతికిలబడి, షమో చేతిలోని సూది తీసుకుని, దారాల పెట్టె దగ్గరకు లాక్కుంది.

"ఇప్పటి పిల్లలు నోటి లోపల ఏ రంగు వేస్తున్నారు?"

"ఎరుపు, అత్తా."

"ఎరుపా! మా రోజుల్లో పసుపు వేసేవాళ్లం" అని సణిగి, ఎర్రదారమే తీసి, కొస నాలుకతో తడిపింది. తలెత్తకుండానే, "నీది విప్పకు. మీ మామ అడిగితే నేను చెప్పుకుంటాను" అంది.

ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాక షమో ఉండబట్టలేకపోయింది.

"అవ్వా, ఆ అంగీ కింద ఏముందో నీకు ముందే తెలుసు కదూ?"

అన్యో నేల మీద రాలిన పోగులు ఏరుతోంది.

"నాకెలా తెలుస్తుంది పిల్లా? ఈ లోయలో దారం చివకని అంగీలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి కింద ఏముందో మాత్రం ఎవరికి తెలుసు?"