అయితేనేం అన్న చిలుక

అనగనగా ఒక రాజుగారు. కథల్లో రాజుగారికి ఏడుగురు కొడుకులుండాలి గానీ, ఈయనకి ముగ్గురే. ఆయన పేరు రత్నసేనుడు, ఏలేది మేలిపట్నం. పెద్ద కొడుకు జయసేనుడు, నడిమివాడు వీరసేనుడు, చిన్నవాడు మణిసేనుడు. వాళ్ల తల్లి సుస్వరాదేవి. ఆవిడ పాట అందుకుంటే సాలలో గుర్రాలు గడ్డి మేయడం మానేసి చెవులు నిక్కించేవి.

ఆ రాజ్యానికి ఒక వింత ఆచారం ఉండేది. ప్రతి ఇంటి అరుగు మీదా మనిషికో కుండ. దీపాలు పెట్టే వేళకి ఎవరి కుండలో వాళ్లు ఒక రాయి వెయ్యాలి. రోజంతా ఒక్క పొరపాటూ జరక్కపోతే తెల్లరాయి. ఆవగింజంత పొరపాటు జరిగినా నల్లరాయి. మూడో రాయి లేదు! ఈ ఆచారం పెట్టినవాడు ఊరూ పేరూ చెప్పని ఒక సాధువు. సగం గడ్డం తెల్లగా, సగం గడ్డం నల్లగా ఉండేదట. "రాజా, ఇలా చేస్తే నీ రాజ్యంలో తప్పన్నదే ఉండదు" అని చెప్పి చక్కా పోయాడు. రాజుగారు నమ్మేశారు. ఆ నమ్మకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరి ఆ జనం ఎలా తయారయ్యారో వినండి. పులిహోరలో ఒక్క మిరపకాయ మాడితే గంగాళం గంగాళమంతా పారబోసేవాళ్లు. పడవకి చిన్న చిల్లు పడితే పడవనే తగలబెట్టేవాళ్లు. ఒక వడ్రంగి మంచం కోడు కాస్త వంకర పోయిందని మంచమంతా నరికి, తను మాత్రం కటిక నేల మీద పడుకున్నాడు. నవ్వకండర్రా. పలక మీద ఒక్క అక్షరం తప్పితే పలక విసిరికొట్టినవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, నాకు తెలుసు.

ఒక ఏడు వసంతోత్సవం వచ్చింది. నిండు సభలో రాణిగారు పాడుతున్నారు. పై స్థాయిలో ఒక చోట గొంతు చటుక్కున పగిలింది. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే. ఆవిడ పాట ఆపేసి లేచి వెళ్లి, కుండలో నల్లరాయి వేసుకుంది. మర్నాడు పాడలేదు, నల్లరాయి. ఆ మర్నాడు పక్క మీంచి లేవలేదు, నల్లరాయి. ఆ తర్వాత అన్నం ముట్టడం మానేసింది.

"నేను రాణిగా పనికిరాను. తల్లిగా పనికిరాను. దేనికీ పనికిరాను" అనేది గోడ వైపు తిరిగి పడుకుని. "చెవిలో ఎవరో పొద్దస్తమానం ఛీ అంటున్నారు."

వైద్యుడు నాడి చూసి రాజుగారిని పక్కకి పిలిచాడు. "మహారాజా, ఒంట్లో రోగం లేదు. కానీ ఇలాగే ఉంటే అమ్మగారు దక్కరు" అన్నాడు.

ఆ మాట తలుపు చాటు నుంచి మణిసేనుడు విన్నాడు. ఏడుపు ఆపుకోలేక తోటలోకి పరుగెత్తాడు. అక్కడ కాకులన్నీ కలిసి ఒక కాకిని పొడుస్తున్నాయి. దాని రెక్కలో ఒక్క తెల్ల ఈక ఉంది, అదీ దాని నేరం. మణిసేనుడు కాకులని తరిమి, దాని ముందు పెరుగన్నం పెట్టాడు.

తిన్నాక కాకి అంది కదా, "రాకుమారా, తెల్ల ఈక ఉందని కాకులు తంతాయి, మిగతా ఒళ్లు నల్లగా ఉందని కొంగలు తంతాయి. అందుకే ఎవరి జట్టులోనూ లేకుండా లోకమంతా తిరిగాను. నీ తల్లి చెవిలో ఛీ అనేదెవరో నాకు తెలుసు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడి దగ్గర ఒక చిలుక ఉంది. దానికి వచ్చినవి రెండే మాటలు, భేష్, ఛీ. అది ఛీ అన్నప్పుడల్లా కుండలున్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది."

"కరాళుడి గడ్డం ఎలా ఉంటుంది?"

"సగం తెలుపు, సగం నలుపు."

మణిసేనుడు పరుగున వెళ్లి ఈ సంగతి సభలో చెప్పాడు. జయసేనుడు లేచాడు. అతని కుండ నిండా తెల్లరాళ్లే. బంగారు పడవలో బయలుదేరాడు, తిరిగి రాలేదు. తర్వాత వీరసేనుడు లేచాడు. అతని కుండలో అన్నీ నల్లరాళ్లే. నేను పోయినా నష్టం లేదులే అంటూ కర్రపడవలో వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు.

అప్పుడు మణిసేనుడు తండ్రి ముందు నిలబడ్డాడు.

"నువ్వా!" అన్నారు రాజుగారు. "గుర్రం మీంచి మూడుసార్లు పడ్డావు. నీ కుండలో అన్నీ కలగాపులగం."

"అయితేనేం నాన్నగారూ! పడ్డవాడు వెళ్లకూడదని ఎవడన్నాడు?"

రాజుగారు ఉలిక్కిపడ్డారు. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది ఆయనకి. కుండలు రాకముందు, పిల్లలు నడక నేర్చుకుంటూ బోర్లా పడ్డప్పుడల్లా సుస్వరాదేవి అనే మాట అది. "పడ్డావా నాన్నా? అయితేనేం, లే!"

సముద్రం ఒడ్డున ఇసకలో ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. మణిసేనుడు దాన్ని బోర్లా తిప్పాడు. "చేపలు నన్ను గట్టుదానివి పొమ్మంటాయి, మేకలు నీటిదానివి పొమ్మంటాయి. నువ్వొక్కడివే ఎవరివని అడక్కుండా చెయ్యి వేశావు, ఎక్కు" అంది తాబేలు. కాకి పైన దారి చూపించింది, తాబేలు కింద ఈదింది. ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు. అలా ఏడూ దాటారు.

ఏడో ఒడ్డున కరాళుడి కోట. గోడకి రెండు ద్వారాలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. తెల్ల ద్వారంలో జయసేనుడు తెల్లరాయై నిలబడి ఉన్నాడు. నల్ల ద్వారంలో వీరసేనుడు నల్లరాయై కూర్చుని ఉన్నాడు. మణిసేనుడు అన్నల పాదాలు తాకి, కళ్లు తుడుచుకుని, రెండు ద్వారాలనీ మార్చి మార్చి చూశాడు.

"ద్వారంలోంచే వెళ్లాలని ఎవడన్నాడు?" అనుకుని గోడెక్కి దూకాడు.

దూకి సరిగ్గా ఒక పాదులో పడ్డాడు. పక్కనే ఒక అమ్మాయి చెంబుతో నీళ్లు పోస్తోంది.

"బాగానే ఉంది. ఇన్నాళ్లకి ఒక మొక్క చిగురేస్తే దాని మీదే పడ్డావు" అంది. ఆమె పేరు మధూలిక, వనగిరి రాజు కూతురు. పెళ్లాడమని కరాళుడు ఎత్తుకొచ్చాడు. ఔననీ కాదనీ చెప్పకుండా, రోజుకో వంక చెబుతూ నెట్టుకొస్తోంది.

మణిసేనుడు వచ్చిన పని చెప్పాడు. మధూలిక గొంతు తగ్గించింది. "వాడి ప్రాణం ఆ చిలుకలోనే ఉంది."

"అయితే పీక నులిమేస్తే సరి!"

"నులిమితే వాడు చస్తాడు. కానీ రాళ్లయినవాళ్లు రాళ్లుగానే ఉండిపోతారు, మీ అమ్మ చెవిలో ఛీ అలాగే మోగుతుంది. ఊరుకుంటే ఎలాగూ మోగుతుంది."

"నులమకూడదు, ఊరుకోనూ కూడదు. మరి మూడోది ఏముంది?"

"ఆ చిలుక కొత్త మాట నేర్చేది ఒకే ఒక్క రకంగా. కరాళుడి మొహం మీద ఎవరైనా ఒక మాట మూడుసార్లు అంటే దానికి వచ్చేస్తుంది. ఇంతవరకూ వాడి మొహం మీద ఒక్క మాట అన్నవాడు లేడు. అందరూ తల వంచేవాళ్లే. చిలుక భేష్ అన్నా ఛీ అన్నా, ఎవరైతే నిజమేనని తల వంచుతారో, వాళ్లు కాళ్ల దగ్గర్నుంచి రాయైపోతారు. వంచకు, జాగ్రత్త."

మణిసేనుడు మధూలిక వెంట కోట లోపలికి వెళ్లాడు. అక్కడ కరాళుడు సింహాసనం మీద ఉన్నాడు. భుజం మీద చిలుక. మణిసేనుణ్ణి చూసి పళ్లు కొరికాడు. "గోడ దూకి వచ్చావా దొంగవెధవా! నీకు మూడు పరీక్షలు. ఇదిగో, అంచుల దాకా పాలున్న కుండ. చుక్క ఒలకకుండా ముంగిలి దాటు."

మణిసేనుడు కుండ నెత్తిన పెట్టుకుని నడిచాడు. సగం దూరంలో కాలు తడబడింది. పాలు జారి భుజం తడిసింది.

"ఛీ!" అంది చిలుక. "మొత్తం నేలపాలు!" అన్నాడు కరాళుడు.

మణిసేనుడు కుండ దించి లోపలికి చూశాడు. "మొత్తమెక్కడ? కాసిని ఒలికాయి. అయితేనేం! ఇంకా కుండెడు పాలున్నాయి. నీకు కళ్లు లేకపోతే నేనేం చెయ్యను?" అని గటగటా తాగి, మిగిలినవి మధూలికకిచ్చాడు. చిలుక మెడ పక్కకి వంచి చూసింది.

కరాళుడి మొహం మాడిపోయింది. రాళ్ల గుట్ట ఒకటి కుమ్మరించాడు. "పొద్దు వాలేలోగా తెల్లవి తెల్లవాటిలో, నల్లవి నల్లవాటిలో వెయ్యి. ఒక్కటి మిగిలినా నీ తల తీస్తాను."

మణిసేనుడు ఏరడం మొదలుపెట్టాడు. తెల్లవి గుప్పెడున్నాయి, నల్లవి గుప్పెడున్నాయి. మిగతావి బూడిదరంగువి, చారలవి, చుక్కలవి, తేనెరంగువి, నెమలిమెడ రంగువి. అతను వాటిని మూడో కుప్ప పోశాడు. అది అతని నడుమెత్తు అయింది.

"ఛీ!" అంది చిలుక. "మూడో కుప్ప లేదు!" అని అరిచాడు కరాళుడు.

"లేదా? అయితేనేం! నేను పోశాను కదా, ఇప్పుడుంది. ఒక్క రాయి మిగిలిందేమో చూసుకో."

కరాళుడు గుట్ట చుట్టూ గిరగిరా తిరిగాడు. ఒక్కటీ మిగల్లేదు. చిలుక గొంతు సవరించుకుంది.

"ఇక మూడోది" అన్నాడు కరాళుడు, ఈసారి మెల్లగా. "నువ్వు మంచివాడివా, చెడ్డవాడివా? ఒక్క మాటలో చెప్పు. ముందు ఇది చూడు."

చెయ్యి ఊపితే గాల్లో మేలిపట్నం సభ కనిపించింది. రాణిగారు పాడుతున్నారు. గొంతు పగిలింది. కిసుక్కున నవ్వినవాడు కనిపించాడు. పిల్లలూ, ఆ నవ్వినవాడు ఎవరనుకున్నారు? మణిసేనుడే.

"తల్లిని మంచాన పడేసినవాడివి నువ్వు" అన్నాడు కరాళుడు. "ఛీ!" అంది చిలుక.

మణిసేనుడి తల వాలింది. పాదాలు చల్లబడ్డాయి. చూస్తుండగానే వేళ్లు రాయయ్యాయి, మోకాళ్లు రాయయ్యాయి, రాయి నడుము దాకా వచ్చింది. అదే నిజం, నేను ఇంతే అనిపించింది అతనికి. అలా అనిపించడం ఎంత సుఖంగా ఉంటుందో, ఇంక ఏమీ చెయ్యక్కర్లేదు మరి!

అప్పుడు కిటికీలోంచి కాకి అరిచింది. "రాకుమారా! పెరుగన్నం పెట్టిన చెయ్యి ఎవరిది?"

గోడ అవతల నుంచి తాబేలు అరిచింది. "నన్ను బోర్లా తిప్పిన చెయ్యి ఎవరిది?"

మణిసేనుడు తన చేతులకేసి చూసుకున్నాడు. అవింకా రాయి కాలేదు. తల ఎత్తాడు. ఎత్తడానికి చాలా కష్టపడ్డాడు పాపం.

"నవ్వాను. తప్పే. ఆ నవ్వినవాణ్ణే అమ్మ కోసం ఏడు సముద్రాలు దాటి వచ్చాను. ఇద్దరూ నేనే. నీ ఒక్క మాటలో నేను పట్టను. తప్పు చేశాను, అయితేనేం! దిద్దుకోవడానికి నాకు చేతులు లేవా?"

చిలుక రెక్కలు విదిల్చింది. నోరు తెరిచింది.

"అయితేనేం!"

"ఛీ!" అని అరిచాడు కరాళుడు, చిలుక మీదకే.

"అయితేనేం!" అంది చిలుక. అది అన్నప్పుడల్లా వాడు జానెడు జానెడు కుంగిపోయాడు. తెల్ల గడ్డంలోకి నలుపు, నల్ల గడ్డంలోకి తెలుపు పాకి, మామూలు నెరిసిన గడ్డం అయింది. చివరికి సింహాసనం మీద ఒక పొట్టి ముసలాయన దిక్కులు చూస్తూ మిగిలాడు. మణిసేనుడి కాళ్లకి వెచ్చదనం వచ్చింది. ద్వారాల దగ్గర అన్నలిద్దరూ ఆవులించుకుంటూ లేచారు.

"వీణ్ణి ఏం చేద్దాం?" అంది మధూలిక.

"చంపను, నెత్తిన పెట్టుకోను. పాదులకి నీళ్లు పోయించు." ఆ ముసలాయన తర్వాత పెళ్లిళ్లలో గారడీలు చేసుకుని బతికాడు. సగం గారడీలు పండేవి, సగం బెడిసికొట్టేవి. పిల్లలకి బెడిసికొట్టినవే ఎక్కువ ఇష్టం.

చిలుకతో సహా అందరూ తాబేలు మీద మేలిపట్నం చేరారు. మణిసేనుడు తిన్నగా తల్లి గదిలోకి వెళ్లి మంచం పక్కన మోకరిల్లాడు.

"అమ్మా, ఆ రోజు సభలో నవ్వింది నేనే."

ఆవిడ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. "నీ నవ్వు నాకు తెలియదా నాన్నా" అంది. కొడుకు తల మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఏడ్చారు.

ఆ పూట ఆవిడ రెండు ముద్దలు తింది. మర్నాడు ఒక్క ముద్దే తింది. ఆ మర్నాడు మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంది. అంతా ఒక్కరోజులో బాగైపోతుందని నేను చెప్పను, అలా చెప్పేవాళ్లని నమ్మకండి. కానీ పాత అలవాటు కొద్దీ చెవిలో ఛీ వినిపించినప్పుడల్లా కిటికీలో చిలుక "అయితేనేం!" అనేది. ఆవిడ కొన్నిసార్లు వినేది, కొన్నిసార్లు వినిపించుకునేది కాదు. ముద్దలు మాత్రం మెల్లమెల్లగా పెరిగాయి.

రాజుగారు తన కుండలో రాళ్లు తనే కుమ్మరించి, అందులో మొల్లమొక్క నాటారు. ఊరంతా అదే చేసింది. వడ్రంగి వంకర కోడు మంచం చేసుకుని, కోడు కింద చెక్క పెట్టి హాయిగా నిద్రపోయాడు.

మణిసేనుడు మధూలికని పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. "నువ్వు మంచి మొగుడివవుతావా, చెడ్డ మొగుడివవుతావా?" అంది ఆమె. "రోజుని బట్టి" అన్నాడు. "అయితే సరే" అంది.

పెళ్లి పందిట్లో అందరూ సుస్వరాదేవి వైపు చూశారు. ఆవిడ లేచి, సరిగ్గా ఆ వసంతోత్సవం పాటే అందుకుంది. గుర్రాలు చెవులు నిక్కించాయి. పాట పైకి, పైపైకి వెళ్లింది. సరిగ్గా అక్కడే, అదే చోట, గొంతు మళ్లీ పగిలింది.

పందిరంతా ఊపిరి బిగబట్టింది. చిలుక నోరు తెరవబోయింది.

అంతకు ముందే రాణిగారు సభని కలయజూసి, తల ఎగరేసి, "అయితేనేం!" అంది. అని, పగిలిన చోటు నుంచే పాట అందుకుని చివరిదాకా పాడింది.

మణిసేనుడూ మధూలికా చాలాకాలం రాజ్యమేలారు. కొన్నేళ్లు బాగా ఏలారు, కొన్నేళ్లు అంతంతమాత్రంగా ఏలారు, జనం చల్లగానే ఉన్నారు. ఇదీ కథ. చెప్పడంలో నేను ఒకటి రెండు సముద్రాల పేర్లు మర్చిపోయాను, మీరు గమనించే ఉంటారు.

అయితేనేం!