మంగతాయి వాకిట్లో మురుగు గొట్టం

కాలవ గట్టు మీద మూతబడ్డ పెంకుల ఫ్యాక్టరీ ఒకటుంది. మనుషులు దాన్ని వదిలేసి చాలా ఏళ్ళయింది. బట్టీలు కూలిపోయాయి, పొగ గొట్టం మీద పిచ్చి మొక్కలు మొలిచాయి. పనివాళ్ళ కోసం కట్టిన మూడు పెంకుటిళ్ళు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. ఏటవాలు నేల మీద వరసగా ఉన్న ఆ ఇళ్ళలో ఇప్పుడు జంతువులు కాపురముంటున్నాయి. ఎగువింట్లో పొట్టేలు వీర్రాజు, నడిమింట్లో కోడి బంగారమ్మ, కాలవకి దగ్గరగా దిగువింట్లో గాడిద మంగతాయి.

మూడిళ్ళ మురుగూ ఒకే మట్టి గొట్టంలో కలిసి మంగతాయి వాకిట్లో ఉన్న చాంబరులోకి దిగేది. అక్కణ్ణించి నేరేడు చెట్టు కిందుగా పోయి కాలవలో పడేది. ఆ గొట్టం ఎప్పుడు వేశారో ఎవరికీ తెలీదు. నీళ్ళు పోతున్నన్నాళ్ళూ అది ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు రాలేదు.

రోహిణి కార్తెలో ఒకరోజు పొద్దున్నే మంగతాయి లేచి వాకిట్లోకి వస్తే కాళ్ళు తడిశాయి. చాంబరు మూత కిందనుంచి నల్లటి నీళ్ళు పొంగి వాకిలంతా పరుచుకున్నాయి. ఎండుగడ్డి మోపు అడుగు నాని కంపు కొడుతోంది.

"వదినా, నువ్వేం పోశావు అందులో?" అంటూ బంగారమ్మ గోడెక్కి అరిచింది.

"నేనేం పోస్తాను? నీ ఈకలు చూసుకో ముందు."

"నా ఈకలా? వీర్రాజు బొచ్చు చూడు! స్నానం చేసినప్పుడల్లా బుట్టెడు ఊడుతుంది."

వీర్రాజు కొమ్ములు విదిలించాడు. "మాటలు జాగ్రత్త! నెల కిందట నా స్నానాల గచ్చు దగ్గర నీళ్ళు పోకపోతే సింహాచలం చేత యాసిడ్ పోయించాను. ఉలవల బస్తా ఇచ్చుకున్నాను. నా వైపు తప్పేం లేదు."

సింహాచలం అంటే నక్క. పేరులో సింహం ఉంది కాబట్టి నమ్మకంగా మాట్లాడేవాడు. ఇళ్ళ మరమ్మతులన్నీ తనే చేస్తానని చుట్టుపక్కల చెప్పుకు తిరుగుతుండేవాడు. కబురు పెట్టక్కర్లేకుండానే మధ్యాహ్నానికల్లా వచ్చాడు. చాంబరు మూత ఎత్తాడు, లోపలికి తొంగి చూశాడు, ముక్కు మూసుకున్నాడు, తల అడ్డంగా ఊపాడు.

"అయిపోయిందండీ. ముసలి గొట్టం. మొత్తం పగిలిపోయింది."

"మొత్తమా?" అంది బంగారమ్మ.

"ఎగువింటి నుంచి కాలవ దాకా తవ్వాలి. పాతది తీసి కొత్తది వెయ్యాలి. నలభై గొట్టాలు పడతాయి. ఇంటికి పది బస్తాలు. పక్షం రోజుల్లో తొలకరి పడుతుంది. అప్పటికీ ఇది ఇలాగే ఉంటే ముగ్గురూ పెంకుల మీద కూర్చోవాలి. అలాగని నేను భయపెట్టడం లేదు, జరిగేది చెబుతున్నాను."

ఇంటికి పది బస్తాలంటే వానాకాలానికి దాచుకున్న గ్రాసమంతా. అది ఇచ్చేస్తే వర్షాల్లో తినడానికి ఏమీ మిగలదు. బంగారమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీర్రాజు మాత్రం, "ప్రాణం ముఖ్యమా, బస్తాలు ముఖ్యమా? వేయించేద్దాం," అన్నాడు.

మంగతాయి చాంబరు దగ్గరే నిలబడి నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె ఒక పట్టాన ఏదీ ఒప్పుకోదని అందరికీ తెలుసు. వెనక మాటల్లో మొండిది అనేవాళ్ళు.

"రేపు చెబుతాం," అంది చివరికి.

"రేపటికి ధర మారితే నన్ననకండి," అని సింహాచలం తోక ఊపుకుంటూ వెళ్ళాడు.

ఆయన వెళ్ళగానే వీర్రాజు విరుచుకుపడ్డాడు. "ఎందుకక్కా రేపూ మాపూ? నీ ఇంట్లోనే కదా పొంగుతోంది!"

"నా ఇంట్లోనే పొంగుతోంది కాబట్టే తమ్ముడూ. నాకో సాయం చేయండి. రేపు పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరూ చుక్క నీళ్ళు గచ్చులో పొయ్యకండి. స్నానాలొద్దు, అంట్లు తోమడాలొద్దు."

"దానివల్ల ఏమొస్తుంది?"

"వచ్చాక చెబుతాను."

మర్నాడు పొద్దున మంగతాయి చాంబరు లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీసింది. ఎండకి నీళ్ళు ఆవిరవకుండా మూత పెట్టేసింది. అంతలోనే రెండు బళ్ళ మీద కొత్త గొట్టాలు వచ్చి నేరేడు చెట్టు కింద దిగాయి. వెనకే సింహాచలం.

"మీకు ఆలస్యం కాకూడదని సామాను ముందే తెప్పించేశానండీ," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ముగ్గురూ కాలి ముద్ర వేస్తే చాలు."

బంగారమ్మ ముద్ర వెయ్యడానికి కాలు ఎత్తనే ఎత్తింది. మంగతాయి అడ్డం వచ్చి నిలబడింది.

"సాయంత్రం రండి. అందరం ఉన్నప్పుడు మాట్లాడదాం. సామాను ఎక్కడికీ పోదు కదా?"

సాయంత్రం అందరూ చాంబరు చుట్టూ చేరారు. మంగతాయి వినయంగా అడిగింది. "సింహాచలం గారూ, నాకు పెద్దగా తెలీదు. గొట్టం ఎక్కడెక్కడ పగిలిందో కొంచెం చూపిస్తారా? ఇంత గ్రాసం ఇస్తున్నాం, తెలుసుకుని ఇస్తే తృప్తిగా ఉంటుంది."

"దానికేం భాగ్యం!" సింహాచలం నడవడం మొదలుపెట్టాడు. 

"ఈ చాంబరు దాటగానే పగిలింది," అన్నాడు.

"ఇక్కడా?" మంగతాయి నాలుగడుగులు వేసి కాలితో తట్టింది.

"అక్కడా పగిలింది."

"మరి ఇక్కడ?"

"అక్కడైతే చెప్పక్కర్లేదు. గొట్టం కాదమ్మా అది, జల్లెడ!"

"జల్లెడ," అంది మంగతాయి. "వీర్రాజూ, విన్నావు కదా? బంగారమ్మా, నువ్వూ విన్నావు కదా?"

"విన్నాం," అన్నారిద్దరూ.

మంగతాయి వెనక్కి వచ్చి చాంబరు మూత తీసింది. బొగ్గు గీత దగ్గరే నీళ్ళు నిండుగా ఉన్నాయి. పొద్దున ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే. వేలెడు కూడా దిగలేదు.

"పొద్దున్నించి ఎవరూ చుక్క పొయ్యలేదు. మూత తియ్యలేదు. ఈ నీళ్ళు చాంబరులోంచి గొట్టంలోకి, అడ్డు పడ్డచోటు దాకా నిలబడి ఉన్నాయి. గొట్టం జల్లెడైతే నీళ్ళు మట్టిలోకి ఇంకిపోవాలి కదండీ. ఎందుకు నిలబడ్డాయి?"

సింహాచలం చాంబరులోకి మళ్ళీ తొంగి చూశాడు. "అంటే... అడుగున బురద పేరుకుని... పగుళ్ళని మూసేసి..."

"పగుళ్ళని బురదే మూసేసిందా?"

"అంతే అంతే."

"నలభై గొట్టాలు చెయ్యాల్సిన పని బురద చేస్తుంటే మాకు మీ గొట్టాలెందుకండీ?"

బంగారమ్మ ముందు కిసుక్కుమంది. తర్వాత ఆగకుండా నవ్వింది. వీర్రాజుకి నవ్వు రాలేదు. తల దించి కొమ్ములు ముందుకు పెట్టాడు. సింహాచలం, "పెద్దల్ని నమ్మకపోతే మీ ఖర్మ, వానలొచ్చాక మీరే వస్తారు," అంటూ రెండడుగులు వెనక్కి వేసి, మూడో అడుగు నుంచి పరుగే అందుకున్నాడు.

"సరేనక్కా, వాడు అబద్ధాలకోరు," అన్నాడు వీర్రాజు. "కానీ నీళ్ళు మాత్రం పోవడం లేదుగా?"

"అందుకే నూకాలు పిన్ని దగ్గరికి వెళుతున్నాను."

ఇద్దరూ ముఖాలు చిట్లించారు. నూకాలు పందికొక్కు. తూముల్లో తిరుగుతుందనీ వాసనొస్తుందనీ ఒకప్పుడు వీర్రాజే ఆమెని ఈ గట్టు మీద ఉండనివ్వలేదు. ఇప్పుడు అవతలి గట్టున ఉంటోంది. మంగతాయి వంతెన దాటి వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పింది.

నూకాలు పళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ వింది. "పని వచ్చేసరికి గుర్తొచ్చాను కాబోలు."

"అవును పిన్నీ. తప్పు మాదే. తప్పని చెప్పుకోడానికే పనులన్నీ మానుకుని వచ్చాను."

నూకాలు లేచి నిలబడింది. "పద. కానీ చూడకుండా ధర చెప్పను. చూడటానికి కుంచెడు వేరుశనగ. పని తేలకపోయినా ఆ కుంచెడు నాదే."

"అలాగే."

మర్నాడు పొద్దున్నే నూకాలు కాలవ వైపు నుంచి గొట్టంలో దూరింది. అటు పక్క పొడిగానే ఉంది. చాలాసేపటికి బయటికొచ్చి మీసాలు తుడుచుకుంది.

"గొట్టం మంచిది. ఇలాంటి మట్టి ఇప్పుడు దొరకదు. నేరేడు చెట్టు కింద ఒక అతుకులోంచి వేళ్ళు లోపలికి వచ్చి వలలా అల్లుకున్నాయి. ఆ వలలో ఈకలున్నాయి, బొచ్చుంది, గడ్డి పరకలున్నాయి. ఎవరూ ఎవర్నీ అననక్కర్లేదు, ముగ్గురూ సమానంగానే వేశారు."

ముగ్గురూ నేల చూపులు చూశారు.

"నేను పళ్ళతో కొరికి తియ్యగలను. కానీ అవతల ఇన్ని నీళ్ళు ఆగి ఉన్నాయి. వల తెగిందంటే ఆ నీళ్ళన్నీ నా మీద పడతాయి. ముందు చాంబరు ఖాళీ చెయ్యండి. లేకపోతే నేను దిగను."

మంగతాయి వీపు మీద రెండు డబ్బాలు వేసుకుంది. బంగారమ్మ డొక్కు చెంబుతో తోడి పోస్తుంటే, మంగతాయి ఆ నల్ల నీళ్ళు మోసుకుని గట్టు దిగి అవతల ఖాళీ నేలలో పోసి వచ్చేది. ఇరవై సార్లయ్యేసరికి బంగారమ్మ, "రేపు చేద్దాం వదినా," అంది. మంగతాయి తల ఊపలేదు, ఆగలేదు. చూడలేక వీర్రాజు కూడా డబ్బాలు కట్టుకుని దిగాడు. పొద్దు వాలేలోపు చాంబరు అడుగు కనిపించింది.

"గొట్టంలో ఇంకా కొంత ఉంటుంది," అంది నూకాలు. "నడుముకి కొబ్బరి తాడు కట్టండి. నేను రెండుసార్లు లాగితే మీరు లాగాలి. మాట్లాడుకుంటూ నిలబడకండి."

కాలవ వైపు నుంచి నూకాలు మళ్ళీ గొట్టంలో దూరింది. తాడు కొస మంగతాయి పళ్ళతో పట్టుకుంది. ఆమె వెనక వీర్రాజు పట్టుకున్నాడు. గొట్టంలోంచి కరకరమని చప్పుడు. ఆగింది. మళ్ళీ కరకర. మంగతాయి చెవులు రెండూ నిక్కబొడుచుకుని గొట్టం వైపే ఉన్నాయి. నూకాలు చెప్పింది నిజం కాకపోతే? తన మొండితనం ఒక ప్రాణం మీదికి తెస్తే? ఆ ఆలోచన రాగానే పళ్ళు ఇంకా గట్టిగా బిగించింది.

తాడు ఒకసారి కదిలింది. ఇంకోసారి కదిలింది.

"లాగు!" అని బంగారమ్మ కీచుమంది.

ఇద్దరూ ఒక్క ఊపున వెనక్కి లాగారు. నూకాలు, నల్లటి నీళ్ళు, బారెడు పొడవున జడలాంటి వేళ్ళ కట్ట అన్నీ కలిసి దభాలున కాలవ ఒడ్డున పడ్డాయి. నూకాలు కదల్లేదు. మంగతాయి తాడు వదిలేసి ఆమె దగ్గరికి పరుగెత్తింది.

"పిన్నీ!"

నూకాలు దగ్గి, ఇంత బురద ఉమ్మి, ఒక కన్ను తెరిచింది. "అరవకు. చెవులు బానే ఉన్నాయి. పైనుంచి పది బిందెల నీళ్ళు ఒకేసారి వదలండి. మిగిలిన చెత్త కొట్టుకుపోతుంది."

ఎగువింటి గచ్చులో బిందెలు ఒంపగానే గొట్టం గుడగుడలాడింది. కాలవ వైపు నీళ్ళు ముందు నల్లగా, తర్వాత బూడిద రంగులో, చివరికి తేటగా ధారకట్టాయి. బంగారమ్మ ఆ ధార ముందు నిలబడి రెక్కలు కొట్టుకుంది.

కొంచెం తేరుకున్నాక నూకాలు ఎగువింటి దాకా గొట్టమంతా ఇంకోసారి తిరిగి చూసి వచ్చి లెక్క చెప్పింది. "చూసినందుకు కుంచెడు, కోసినందుకు బస్తా. అది ముగ్గురూ పంచుకుని ఇవ్వండి. ఇంకో మాట. వేళ్ళు మళ్ళీ పెరుగుతాయి. ఏటా రోహిణిలో ఒకసారి నన్ను పిలవండి, ఇంత ముదరకముందే కోసేస్తే అరబస్తాతో పోతుంది. గచ్చుల మీద చిల్లుల పలక వేసుకుంటే ఈకలూ బొచ్చూ పైనే ఆగుతాయి."

"అంతేనా పిన్నీ?" అన్నాడు వీర్రాజు నమ్మలేక.

"నీకు అంతే కాదు. నీ గచ్చు నుంచి ఈ గొట్టం దాకా ఒక ఇనప ముక్క ఉంది. పాత ఇనుము. యాసిడ్ దాన్ని తినేసింది. అది నిజంగానే జల్లెడ. ఒక గొట్టం పొడవున తవ్వి మార్చుకోవాలి. నేనిది దాచిపెడితే రేపు నీ గోడ కుంగుతుంది."

వీర్రాజు ముందుకొచ్చి నూకాలు ముందు తల వంచాడు. "ఆ రోజు నిన్ను పొమ్మన్నది నేనే పిన్నీ. ఇటు పక్క నా ఇంటి వెనక గది ఖాళీగా ఉంది. నీకిష్టమైతే వచ్చెయ్యి."

"ఆలోచిస్తాను," అంది నూకాలు. మూడోనాడు మూటా ముల్లె నోట కరుచుకుని వచ్చేసింది.

తొలకరి ఇంకా పడకముందే సింహాచలం నేరేడు చెట్టు దగ్గరికి వచ్చాడు. బళ్ళవాళ్ళు వెళ్ళిపోయారు, గొట్టాలు మాత్రం అక్కడే ఉన్నాయి. తెచ్చినచోట తిరిగి అప్పగించకపోతే ఇచ్చినవాళ్ళు ఊరుకునేలా లేరు.

"పోనీ, ఇరవై తీసుకోండి. సగం ధరకి ఇస్తాను."

"ఒకటి చాలు," అంది మంగతాయి. "వీర్రాజు గచ్చుకి. న్యాయమైన ధర ఎంతో అంత తీసుకో."

ఆయన ఒకటి అమ్మాడు. మిగిలిన ముప్ఫై తొమ్మిదీ చూసి నీరసపడ్డాడు. "పోనీ మీరు వీపు మీద మోసిపెట్టరాదూ? వంతెన దాకా."

"నా వీపు ఇవాళ ఖాళీ లేదు. వీర్రాజు గోడ దగ్గర మట్టి మొయ్యాలి."

మబ్బు కమ్ముకుంటుండగా సింహాచలం ఒక్కొక్క గొట్టమే ఈడ్చుకుంటూ గట్టెక్కాడు. ఆరోది ఈడ్చేసరికి వాన అందుకుంది. ఆ మూడిళ్ళలో మాత్రం ఎవరి వాకిలీ తడిసి చిత్తడి కాలేదు. వాన నీళ్ళూ వాడుక నీళ్ళూ ముసలి గొట్టంలోంచి హాయిగా కాలవకి పోయాయి.

లోపల ఏముందో చూడకుండానే మొత్తం తవ్వాలనేవాడికి కనిపిస్తున్నది మన ఇంటి గొట్టం కాదు, మన ఇంటి బస్తాలు.