మాస్కు నిలవని మనిషి

ఎస్తేరమ్మను ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పదు. కుర్చీ తెప్పించుకుని కూర్చుంటుంది. పలకల గనుల పక్కనున్న మా ఊరి పన్నెండు మంచాల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా ఆమే పెద్ద నర్సు. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు మొదటి నెలంతా ఆమెకు చెవుడేమో అనుకుంటారు.

ఆ ఏడు వచ్చిన పిల్ల ప్రమీల. చాలా శ్రద్ధ గల పిల్ల. నిద్రపోతున్న రోగిని లేపి మరీ నిద్ర పట్టిందా అని అడిగేంత శ్రద్ధ. ఒకరోజు పొద్దున ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చి, "తన మేలు తనకే పట్టని రోగికి ఎలా సేవ చేయాలమ్మా?" అని అడిగింది.

ఆ రోగి ఓబులేసు. నలభై ఏళ్లు పలకరాయి చీల్చి, ఆ దుమ్ములో సగం ఊపిరితిత్తుల్లోకి ఎక్కించుకున్న మనిషి. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. వేలికి తగిలించిన యంత్రం, ఒంట్లో ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా కూస్తుంది. మూడు గంటలకు డాక్టరు వచ్చేసరికి ఆ యంత్రంలో అంకె నిలబడకపోతే పట్నం పెద్దాసుపత్రికి పంపించేస్తామన్నారు. కొండ మలుపుల మీదుగా నాలుగు గంటల దారి. అంతకుముందు అలా బయలుదేరిన గని మనుషులు ఇద్దరూ దారిలోనే పోయారు. ఓబులేసు భార్య చెంచమ్మ అతని పంచెలు మూటగట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం చేస్తూ మంచం పక్కన కూర్చుంది.

ప్రమీల ఎప్పుడు వెళ్లినా మాస్కు గడ్డం కిందే ఉండేది. ఆమె దాన్ని సరిచేసి, నాలుగు తిట్టి వచ్చేది. ఊరికి సంగతి తెలిసింది. మాస్కులో వచ్చేది మత్తుగాలి అని పోస్టుమాస్టరు మాల్యాద్రి తేల్చాడు. ఆయన చెప్పింది ఇంతవరకు ఒక్కటీ నిజం కాలేదు కాబట్టి అందరూ నమ్మారు. ఓబులేసు పుట్టుమొండి అని గని మేస్త్రి హుసేనప్ప అన్నాడు. సొంత అన్నతో పదకొండేళ్లుగా మాట్లాడని మనిషి ఆ మేస్త్రి. రోగి చేతులు మంచానికి కట్టేయమని కూడా ఆయనే సలహా ఇచ్చాడు. ప్రమీల మెత్తటి గుడ్డ వెతికి పెట్టుకుంది.

ఎస్తేరమ్మ వరండాలో, ఓబులేసు మంచం కనిపించే కిటికీ పక్కన కుర్చీ వేయించుకుంది. గంటసేపు ఊరికే కూర్చుంది. మాస్కు ముఖం మీదే ఉంది, యంత్రం కూయలేదు. తర్వాత ప్రమీలను లోపలికి వెళ్లి చూసి రమ్మంది. ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే ఓబులేసు మాస్కు కిందికి లాగి, మోచేతుల మీద లేచి, రెండు చేతులూ జోడించాడు. యంత్రం కూసింది. కాసేపాగి ఎస్తేరమ్మ ఆమెను మళ్లీ పంపింది. మళ్లీ అంతే జరిగింది.

ఎందుకలా చేస్తున్నాడని ఎస్తేరమ్మ చెంచమ్మను పిలిచి అడిగింది. అది కూడా అడగాలా అన్నట్టు చూసింది చెంచమ్మ.

"అమ్మగారు ఎదురుగా వస్తే మూతికి గుడ్డ ఉంచుకుంటాడామ్మా? గనిలో మేస్త్రి వస్తే దుమ్ముకు కట్టిన తువ్వాల దించాల. అట్టనే ఉంచితే ఎంత తప్పు."

ఎస్తేరమ్మ నాన్న కూడా గని మనిషే. ఆమె కొంగు ముక్కుకు అడ్డంగా కట్టుకుని లోపలికి వెళ్లింది. ఓబులేసు చెయ్యి అప్పటికే మాస్కు దాకా వచ్చింది.

"ఉలి రాయిలో ఉన్నప్పుడు మేస్త్రి వచ్చినా తువ్వాల ఎవరు తీస్తారు ఓబులేసూ? పని కానీ."

అతను చెయ్యి దించాడు. ఎస్తేరమ్మ అతన్ని లేపి కూర్చోబెట్టి, బల్ల మీద దిండు వేసి ముందుకు వాలనిచ్చింది. వీపు మీద అరచెయ్యి ఆనించి, తను నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ ఉంటే అతనూ ఆ వరస అందుకున్నాడు. చెంచమ్మ చేతిలో మూట అలాగే ఉంది గానీ కట్టడం, విప్పడం ఆగిపోయింది.

తర్వాత ప్రమీల కూడా ముఖానికి గుడ్డ కట్టుకుని వెళ్లింది. ఓబులేసు మాస్కు తీయకుండా, దండానికి బదులు ఒక్క వేలు పైకెత్తి ఊరుకున్నాడు. మూడు గంటలకు డాక్టరు అంకె చూసి, పట్నం అక్కర్లేదన్నాడు. పోస్టుమాస్టరు మాత్రం మత్తుగాలి మానేసినందుకే తగ్గిందని ఇప్పటికీ చెబుతాడు.

ప్రమీల వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. కళ్లు తుడుచుకుంటూ, పొద్దుటినుంచీ తాను ఆయన్ని ఆరుసార్లు తిట్టానంది.

"అవును," అంది ఎస్తేరమ్మ కుర్చీలోంచి లేస్తూ. "ఏడోసారి కూడా లేచి నీకు దండం పెట్టాడమ్మా. ఆ ఉన్న కాస్త ఊపిరిలోంచే."