చీకట్లో చూసే కెమెరా

నిర్మాత భుజంగరాయుడు కొత్త డిజిటల్ సినిమా కెమెరా కొన్నాడు. అది చీకట్లో కూడా చూడగలదని అమ్మినవాడు చెప్పాడు.

"ఇక లైట్లెందుకు? రేపటి నుంచి లైట్‌మెన్ ఎనిమిది మందీ రావద్దు," అనేశాడు రాయుడు.

పెద్ద లైట్‌మన్ గవరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మంచిదే బాబూ. ఒక్క షాట్ తీసి చూపించండి, పోతాం. జమీందారు నడిచొచ్చి కుర్చీలో కూర్చోవాలి. ఆ దర్జా మీకే ఉంది, మీరే చెయ్యండి."

రాయుడు పొంగిపోయాడు. స్టూడియో తలుపులు మూసి లైట్లన్నీ ఆర్పేశారు. బయట పెట్టిన మానిటర్‌లో ఆయన మీసాలు కూడా స్పష్టంగా కనిపించాయి. రాయుడు ఠీవిగా నడిచొచ్చి, కుర్చీ ఉందనుకున్న చోట కూలబడ్డాడు. కుర్చీ మూరెడు పక్కన ఉంది.

"చచ్చాన్రా దేవుడా!"

ఆ కేకకు యూనిట్ అంతా లోపలికి పరుగెత్తింది. లైట్లు వేశారు.

"కుర్చీ కనబడలేదేమిరా?" అన్నాడు రాయుడు, నేల మీద నుంచే.

"కెమెరాకి కనబడింది బాబూ, మీకే కనబడలేదు," అన్నాడు గవరయ్య ఆయన్ని లేవదీస్తూ. "మీరు నేల మీదే పడ్డారు కాబట్టి సరిపోయింది. రేపు హీరోయిన్ గారు మేడమెట్లు దిగాలి."

రాయుడు నడుం రాసుకున్నాడు.

"రేపు ఎనిమిది మందీ పెందలాడే రండి," అన్నాడు.