దాలమ్మ పొద్దు

అనగనగా అన్నాను కదా అని మరీ రాజుల కాలానికి పోకండి. అలాగని నిన్నా మొన్నా జరిగిందీ కాదు. మా తాతకి వాళ్ళ తాత చెప్పాడు. ఆయనకి ఎవరు చెప్పారో ఆయన చెప్పలేదు. అంత పాత మాట.

ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, నడుమ ఒక పల్లం. ఆ పల్లమంతా వరి. సముద్రం నుంచి ఉప్పుటేరు ఒకటి లోపలికి వచ్చేది. ఏటికీ చేలకీ మధ్య మట్టితో వేసిన పొడుగాటి గట్టు. గట్టు నిలిస్తే ఊరికి అన్నం. గట్టు తెగితే చేలో ఉప్పునీళ్ళు, ఊరికి పస్తు. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా ఆ గట్టు మీదే ఉంది.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక ముసలమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు, జానెడు భూమి లేదు. ఉన్నదల్లా ఒక వడిసెల. కంకి పాలు పోసుకున్న రోజు నుంచి కోతల దాకా మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి తిప్పి, చేల మీద పడే పిట్టల్ని తోలడం ఆవిడ పని. పిట్టల్ని తోలే మనిషికి పిట్టలంటే గిట్టదనుకుంటాం. దాలమ్మకి మాత్రం ప్రాణం. ఆవిడ విసిరిన రాయి ఎప్పుడూ పిట్టకి జానెడు పక్కనే పడేది. గురి లేక కాదు, గురి ఉండబట్టే.

ఏటా దసరా దాటగానే ఆ ఏటికి ఎక్కడి నుంచో పెద్ద పిట్టలు వచ్చేవి. మట్టిరంగు ఒళ్ళు, పొడుగు కాళ్ళు, కొడవలిలా కిందికి వంగిన ముక్కు. ఊళ్ళో వాటిని కొడవలి పిట్టలనేవారు. శివరాత్రి వెళ్ళాక అవీ వెళ్ళిపోయేవి. ఎక్కడికో ఎవరికీ తెలీదు.

ఒక ఏడు గట్టు నిండా కన్నాలు పడ్డాయి. ఊరి పెద్ద కూర్మినాయుడు వచ్చి చూశాడు. కొడవలి పిట్టలు కళ్ళ దాకా ముక్కులు కన్నాల్లోకి దించి ఉన్నాయి. ఇంకేం కావాలి?

"కన్నాలెట్టే దొంగల్ని కళ్ళారా సూసినాను. ఒసే దాలమ్మా, వడిసెల తియ్యే! ఒక్క పిట్ట గట్టు మీద వాలడానికి నేదు," అన్నాడు.

"మూడు పొద్దులు ఆగు నాయుడుబాబూ. సూసి సెప్తాను," అంది దాలమ్మ.

గోనెపట్టాకి బురద పూసి కప్పుకుని, తెల్లవారుతూనే గట్టు కింద కూచుంది. మొదటి పొద్దు పిట్టలు ఏటి అవతలే తిరిగాయి. రెండో పొద్దు ఇవతలికి వచ్చాయి. మూడో పొద్దు ఒక పిట్ట ఆవిడ కాలి దగ్గరికే నడిచొచ్చింది. ముక్కు కన్నంలోకి దించింది. పైకి తీసేసరికి చివర ఒక పీత! కాళ్ళు ఊడేలా విదిలించి మింగేసింది. ఇంకో కన్నం, ఇంకో పీత.

అప్పుడు దాలమ్మకి తెలిసింది. కన్నాలు తవ్వేది పీతలు. పిట్టలు ఆ దొంగల్ని పట్టేవి. ఏ దేశంలోనో పుట్టిన పిట్టలు, ఎవరూ పిలవకుండా వచ్చి, ఏమీ అడగకుండా మన గట్టుకి కాపలా కాస్తున్నాయి! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆవిడ నాయుడి వాకిట్లో చెప్పింది. నీళ్ళరేవులో చెప్పింది. కళ్ళంలో చెప్పింది. "పిట్టల్ని తోలమంటే పిట్టలతో సుట్టరికం కలిపింది" అని ఊరంతా నవ్వింది.

చూసిందా? చూసింది. చెప్పిందా? చెప్పింది. విన్నారా? వినలేదు.

దాలమ్మ చేతిలో వడిసెల లాక్కున్నారు. డప్పులు కొట్టారు, రాళ్ళు రువ్వారు. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి సముద్రం వైపు పోయాయి.

మరుసటి ఏడు దసరా దాటింది. పిట్టలు రాలేదు. పీతలకి పండగే పండగ. దాలమ్మ వెదురుకర్రకి ఒక పాత కొడవలి కట్టింది. రోజూ పోటు తగ్గి ఏట్లో నీళ్ళు తీయగానే గట్టు దిగి, కన్నం కన్నంలోంచి పీతని లాగి, బంకమట్టి కూరేది. ఒక్క ముసలిది ఎంతని చేస్తుంది? గట్టు మీది ఒంటితాడిచెట్టు నుంచి పడవల రేవు దాకా చేసింది. "దాలమ్మకి ముక్కు మొలిసింది రోయ్!" అని దారినపోయేవాళ్ళు కేకలేసేవారు. ఆవిడ తల ఎత్తేది కాదు.

కార్తీక అమావాస్య వచ్చింది. పొద్దెక్కేసరికి ఏటికి పోటొచ్చింది. అలాంటి పోటు ఎవరూ ఎరగరు. గట్టు ఎగువన తెగింది. దిగువన తెగింది. నడుమ తెగింది. వంగిన కంకుల మీదికి ఉప్పునీళ్ళు పాకాయి. ఊరంతా గుండెలు బాదుకుంటూ పరిగెత్తింది.

అప్పుడు చూశారు. ఒంటితాడి నుంచి రేవు దాకా గట్టు చెక్కుచెదరలేదు. పక్క చేల నీళ్ళని ఆపిన అడ్డగట్ల మధ్య దాని వెనక చేలు పొడిగా, పచ్చగా పండి ఉన్నాయి. గట్టు కింద నడుం లోతు నీళ్ళలో దాలమ్మ, చేతిలో కొడవలికర్ర. ఆవిడ చేతులు పీతల కొండీలకి చీరుకుపోయి ఉన్నాయి. కూర్మినాయుడు ఆ చేతుల్ని చూసి, తలపాగా తీసేశాడు. ఆ ఏడు ఊరంతా ఆ నాలుగు చేల గింజలే పంచుకుని బతికింది.

వానాకాలంలో దాలమ్మ మంచం పట్టింది. నాయుడు వచ్చి నేల మీద కూచున్నాడు.

"తప్పయిపోనాదమ్మా. పిట్టల్ని ఎలగ పిలవాల, సెప్పు," అన్నాడు. నిన్నటిదాకా ఒసే అన్న నోరే!

"పిలవకండి బాబూ," అంది దాలమ్మ. "కూకోండి. సప్పుడు సెయ్యకండి. సూడండి."

భాద్రపదం వెళ్ళకుండానే ఆవిడ పోయింది.

దసరా దాటింది. కొత్తగా వేసిన గట్టు కింద ఊరంతా బురద పూసిన గోనెపట్టాలు కప్పుకుని కూచుంది. మొదటి పొద్దు ఆకాశం ఖాళీ. రెండో పొద్దూ ఖాళీయే. కొందరు గొణిగారు. నాయుడు కదల్లేదు.

మూడో పొద్దు ఏటి మీద మంచు ఇంకా విడలేదు. పై నుంచి ఒక కూత వినిపించింది. సన్నగా, పొడుగ్గా, పైకి లేచే కూత. దాని వెనక ఇంకొకటి. మంచులోంచి వందలాది రెక్కలు దిగాయి. చంటిపిల్లలు కూడా ఏడుపు మానేసి చూశారు. ఒక పిట్ట నడుచుకుంటూ కూర్మినాయుడి కాలి దగ్గరికి వచ్చింది. ముక్కు కన్నంలోకి దించింది. పీతని లాగింది, విదిలించింది, మింగింది. నాయుడి కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. చప్పుడు చెయ్యొద్దని ఆ తల్లి చెప్పింది కదా, అందుకని చప్పుడు లేకుండానే ఏడ్చాడు.

చూశారా? చూశారు. విన్నారా? విన్నారు. చెప్పిన మనిషి ఉందా? లేదు.

ఇప్పటికీ ఆ పల్లంలో దసరా దాటాక ఇంటిల్లిపాదీ మూడు పొద్దులు గట్టు కింద మౌనంగా కూచుంటారు. దాన్ని దాలమ్మ పొద్దు అంటారు. ఎవరైనా పొరుగువాడి మీద నేరం మోపితే పెద్దలు సాక్ష్యం అడగరు. "దాలమ్మ పొద్దు కూకున్నావేటి?" అంటారు. మూడు పొద్దులు చప్పుడు చెయ్యకుండా చూశావా అని. చూళ్ళేదు అంటే, కూచుని వచ్చి చెప్పమంటారు. చాలా తగువులు రెండో పొద్దుకే తీరిపోతాయట.

మొదటి పిట్ట వాలగానే అందరూ చేతులు జోడిస్తారు. పిట్టకా, దాలమ్మకా అని పిల్లలు అడగబోతారు. పెద్దవాళ్ళు నోటి మీద వేలు పెట్టి, ఒక్క మాటే అంటారు.

"సూడు."